మీట ఉంది, మన చేతికి ఇవ్వలేదు

రాయ్‌పూర్‌లోని మోవాలో బలోదాబజార్ రోడ్డు మీద జిరాక్స్ షాపులకూ చాయిస్ సెంటర్లకూ కొదవ లేదు. మన మీసేవ లాంటిదే ఛత్తీస్‌గఢ్‌లో చాయిస్ సెంటర్. ఆదాయం, కులం, నివాసం, ఏ ధ్రువపత్రం కావాలన్నా జనం అక్కడికే వెళ్తారు. కౌంటరు మీద ఉండే సిస్టమ్ చాలాచోట్ల పాతదే. దరఖాస్తు సగం నింపాక, ఫోనుకొచ్చిన ఓటీపీ గడువు కరిగిపోతుండగా, తెర నడిమికి ఒక డబ్బా లేచి వస్తుంది. కొత్త విండోస్ తయారుగా ఉంది, ఇప్పుడు వేసుకుంటారా, తర్వాత గుర్తుచేయమంటారా అని అడుగుతుంది. అసలు వద్దు అని చెప్పే బటన్ వెతికినా కనబడదు. ఆ డబ్బాను పక్కకు నెట్టేలోపు ఓటీపీ చెల్లకుండా పోతుంది. వరసలో నిలబడ్డవాళ్ళు ఇంకాసేపు నిలబడతారు.

దీన్ని చిన్న చికాకు కింద కొట్టిపారేయడం అందరికీ అలవాటైపోయింది. నాకది చిన్న విషయంగా తోచదు. ఈ డబ్బాల వెనక ఇరవై ఏళ్ళ చరిత్ర ఉంది. వాటిని ఆపడానికి ఒక్కొక్కరే కూర్చుని రాసిన చిట్టి ప్రోగ్రాముల చరిత్రా ఉంది. రెండింటినీ కలిపి చూస్తే తేలే విషయం ఒకటుంది. ఈ ప్రోగ్రాముల్లో మంచివేవీ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. పెద్ద ఆఫీసుల కోసం కంపెనీయే పెట్టి ఉంచిన మీటను వెతికి, ఇళ్ళలో, చిన్న దుకాణాల్లో ఉన్నవాళ్ళ చేతికి అందించాయి, అంతే. ఏ ప్రోగ్రామును నమ్మాలి, దేన్ని నమ్మకూడదు, అసలు తప్పెవరిది అన్న ప్రశ్నలకు జవాబులు ఇక్కడినుంచే మొదలవుతాయి.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ వేసే డబ్బాలన్నీ ఒక కోవవి కావు. కొన్ని నిజంగా మన అనుమతి కోసం వచ్చేవి: ఈ ప్రోగ్రాము సిస్టమ్ లోపలి ఫైళ్ళను మార్చబోతోంది, సరేనా అని అడుగుతాయి. కొన్ని ప్రమాదం ఉందని చెప్పేవి. మిగతావి కంపెనీ తన సరుకును మన ముందు పెట్టేవి: కొత్త వెర్షన్, తన బ్రౌజరు, తన క్లౌడ్ నిల్వ. చిక్కేమిటంటే మూడూ ఒకే వేషంలో, తెరమీద ఒకేచోట, ఒకే రకం బటన్లతో వస్తాయి. చూసేవాడికి హెచ్చరిక ఏదో, అమ్మకం ఏదో తెలియదు. నా దృష్టిలో అసలు నేరం ఈ కలగాపులగమే. డబ్బాలు ఎక్కువ కావడం ఆ తర్వాతి మాట.

ఈ కథలో అన్నిటికంటే పెద్ద ఘట్టం 2015, 2016 సంవత్సరాలది. మైక్రోసాఫ్ట్ 2015 ఏప్రిల్‌లో, విండోస్ 10ను రెండు మూడేళ్ళలో 100 కోట్ల పరికరాల మీదికి చేరుస్తామని బహిరంగంగా ప్రకటించింది. జరిగినవన్నీ ఆ లక్ష్యం నుంచి పుట్టినవే. కేబీ3035583 అనే అప్‌డేట్ విండోస్ 7, 8.1 ఉన్న మెషీన్లలోకి మామూలు మరమ్మతుల్లో ఒకటిగా దిగింది. 2015 జూన్ మొదట్లో గడియారం పక్కన చిన్న విండోస్ గుర్తు కనిపించడం మొదలైంది. ‘గెట్ విండోస్ 10’ అన్నది దాని పేరు. జులై 29న విండోస్ 10 విడుదలైంది. ఏడాదిపాటు ఉచితం అన్నారు. ఉచితమే, కాదనను. కానీ తీసుకునేవాడు అడగకముందే సరుకు ఇంట్లో దింపారు. అప్‌డేట్లు తమంతట తామే వచ్చేలా పెట్టుకున్న మెషీన్లలో, యజమాని ఒప్పుకున్నాడా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, కొత్త విండోస్ ఫైళ్ళు దాచిన ఫోల్డరులోకి ముందుగానే దిగేవి. పరిమాణం 3 నుంచి 6 జీబీ.

ఆ రోజుల్లో మన దేశంలో నెట్ ధర గుర్తుందా? జియో రంగంలోకి వచ్చింది 2016 సెప్టెంబరు 5న. అంతకుముందు 3జీ డాంగిల్ మీద ఒక్క జీబీకి రెండు వందల యాభై రూపాయల దాకా పోసిన ఇళ్ళు ఎన్నో. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్‌కు కనీస వేగం 2 ఎంబీపీఎస్ అయింది కూడా 2015 అక్టోబరు 1 నుంచే. అంతకుముందున్న 512 కేబీపీఎస్ మీద 3 జీబీ దిగాలంటే లైను ఎక్కడా తెగకుండా 13 గంటలు పడుతుంది. అంతసేపూ ఇంట్లో ఇంకెవరికీ నెట్ సరిగా నడవదు. నెల మధ్యలో ప్యాక్ అయిపోతే ఎందుకయిపోయిందో ఇంట్లో ఎవరికీ అంతుబట్టేది కాదు. పిల్లలు సినిమాలు దింపుకున్నారేమోనని వాళ్ళ మీదికి వెళ్ళేది నింద. విండోసే ఆ ఫైళ్ళు దింపుకుందని తెలిసేంత లోతుకు వెళ్ళగలిగినవాళ్ళు ఎందరుంటారు?

ఇది మన దేశపు బాధ మాత్రమే కాదు. మధ్య ఆఫ్రికా గణతంత్రంలో అడవి జంతువులను కాపాడే చింకో ప్రాజెక్టు వాళ్ళ లాప్‌టాప్‌లు ఖరీదైన ఉపగ్రహ ఇంటర్నెట్ మీద ఇదే విండోస్ 10ను దింపుకున్నాయి. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని కేసీసీఐ టీవీ చానెల్లో వాతావరణ వార్తలు ప్రత్యక్ష ప్రసారంలో ఉండగా, 2016 ఏప్రిల్‌లో, మ్యాపు మీద ఈ డబ్బా వచ్చి కూర్చుంది. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడుపుకునే ఒక మహిళ, తాను ఒప్పుకోకుండానే మొదలైన అప్‌గ్రేడ్ చెడిపోయి పని సిస్టమ్ రోజుల తరబడి మూలపడిందని చిన్న వివాదాల కోర్టుకు వెళ్ళారు. 10,000 డాలర్లు ఇవ్వాలని తీర్పు వచ్చింది. మైక్రోసాఫ్ట్ అప్పీలు వదులుకుని ఆ డబ్బు కట్టింది.

2016 మే నెలలో జరిగింది వీటన్నిటికంటే చెడ్డ పని అంటాను. ఎందుకో ఇక్కడి ఇళ్ళను చూస్తే తెలుస్తుంది. రాయ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. రైల్వేతో వచ్చినవాళ్ళు, భిలాయి ఉక్కు కర్మాగారం మీద ఆధారపడి వచ్చినవాళ్ళు, వ్యాపారాలకు వచ్చినవాళ్ళు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాల్లో ఉంటారు. ఇక్కడ పెద్దవాళ్ళు తెరమీద అర్థంకానిది వస్తే ఫోను చేస్తారు. అవతలి నుంచి వచ్చే జవాబు ఎప్పుడూ ఒక్కటే: “నాన్నా, ఏమీ నొక్కకండి. పైన మూల ఇంటూ మార్కు ఉంటుంది చూడండి, అది కొట్టేయండి.” కంప్యూటరు వాడే ప్రతివాడికీ తెలిసిన ఒకే ఒక్క భద్రతా సూత్రం అది. ఇంటూ కొట్టడం అంటే వద్దని చెప్పడం. ఆ మే నెలలో మైక్రోసాఫ్ట్ డబ్బాను మార్చింది. అప్‌గ్రేడ్‌కు ముహూర్తం తానే పెట్టి, ఫలానా తేదీన జరుగుతుందని తెలియజేసే డబ్బా వేసింది. ఇంటూ కొడితే ఆ ముహూర్తానికి ఒప్పుకున్నట్టే లెక్క. గొడవ పెద్దదయ్యాక జూన్ చివరిలో స్పష్టంగా వద్దనే బటన్ పెట్టారు. ఆ సంవత్సరం డిసెంబరులో కంపెనీ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కాపొసెలా, ఇంటూ మార్కు విషయంలో హద్దు దాటామని బాహాటంగానే ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మంచిదే. కానీ తండ్రికి కొడుకు చెప్పిన ఆ ఒక్క సూత్రానికి పడిన దెబ్బ ఒప్పుకోలుతో మానేది కాదు.

చిట్టి ప్రోగ్రాములు అప్పుడే రంగంలోకి దిగాయి. మొదట జాష్ మేఫీల్డ్ రాసిన జీడబ్ల్యూఎక్స్ కంట్రోల్ ప్యానెల్, 2015 ఆగస్టులో. గడియారం పక్కన గుర్తును తీసేయడం, దాచిన ఫోల్డరును ఖాళీ చేయడం, మార్చేసిన సెట్టింగులు మళ్ళీ తిరగబడుతున్నాయేమో కాపలా కాయడం, ఇవన్నీ చేసేది. కాపలా ఎందుకంటే ఒకసారి తీసేసిన అప్‌డేట్ మళ్ళీ మళ్ళీ కొత్తగా వచ్చేది. రెండోది 2016 మార్చిలో స్టీవ్ గిబ్సన్ విడుదల చేసిన నెవర్10. గిబ్సన్ కంప్యూటరు భద్రత గురించి దశాబ్దాలుగా రాస్తూ, మాట్లాడుతూ ఉన్న మనిషి. ఈయన దారి వేరు. నెవర్10ను ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. తెరిస్తే ఒక్క బటన్: అప్‌గ్రేడ్‌ను ఆపు. మళ్ళీ తెరిస్తే అదే బటన్: అప్‌గ్రేడ్‌ను అనుమతించు. నొక్కాక ఫైలును చెరిపేసుకోవచ్చు. లోపల ఏదీ నడుస్తూ మిగిలిపోదు.

అది లోపల చేసే పని చూడదగ్గది. విండోస్ తన సెట్టింగులన్నిటినీ రిజిస్ట్రీ అనే ఒక పెద్ద పద్దుల పుస్తకంలో రాసుకుంటుంది. అందులో పాలసీలకు ఒక పేజీ ప్రత్యేకం. నెవర్10 ఆ పేజీలో రెండు పద్దులు రాస్తుంది. ఒకటి అప్‌గ్రేడ్ డబ్బా వద్దని, రెండోది ఆపరేటింగ్ సిస్టమ్ మార్పిడి వద్దని. ఆ పద్దులను గుర్తించేంత కొత్త అప్‌డేట్ ప్రోగ్రాము ఆ మెషీన్లో లేకపోతే, మైక్రోసాఫ్ట్ దగ్గరనుంచే దాన్ని తెచ్చి పెడుతుంది. ఆ రెండు పద్దులూ గిబ్సన్ ఊహించి కనిపెట్టినవి కావు. కంపెనీల ఐటీ విభాగాల కోసం మైక్రోసాఫ్ట్ స్వయంగా పెట్టి, పత్రాల్లో రాసి ఉంచినవి. వందల సిస్టమ్‌లున్న బ్యాంకులో అడగకుండా విండోస్ మారిపోతే ఏం జరుగుతుందో కంపెనీకి బాగా తెలుసు. అందుకే డొమైన్‌లో, అంటే సంస్థ ఒకేచోటినుంచి నడిపే నెట్‌వర్క్‌లో, చేరిన సిస్టమ్‌లకు మొదట్లో ఈ డబ్బా రానేలేదు. 2016 జనవరిలో చిన్న వ్యాపారాల డొమైన్ సిస్టమ్‌లకూ చూపిస్తామని ప్రకటించారు. అప్‌డేట్లను తమ సొంత సర్వర్ నుంచి నడుపుకునే పెద్ద సంస్థలకు మాత్రం మినహాయింపు అలాగే ఉంది.

ఇక్కడే నాకు కోపం వస్తుంది. పెద్ద సంస్థకు ఐటీ విభాగం ఉంటుంది, న్యాయవాదులుంటారు, నష్టాన్ని తట్టుకునే డబ్బూ ఉంటుంది. వాళ్ళ చేతికి మీట ఇచ్చారు. మోవాలో ఒక్క సిస్టమ్‌తో బతుకు నడుపుకునేవాడికి ఆ మీట అవసరం ఇంకా ఎక్కువ. అతనికి లేదన్నారు. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఇప్పటికీ గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు. ఆ ఎడిటర్ అంటే ఇలాంటి మీటలన్నీ వరసగా కనిపించే గది. ప్రో ఎడిషన్ కొన్నవాడికి తాళంచెవి ఇస్తారు. మెషీన్‌తోపాటు చవకగా హోమ్ వచ్చినవాడికి ఆ గది ఉందన్న సంగతే తెలియదు. గిబ్సన్ తర్వాత రాసిన ఇన్‌కంట్రోల్ కూడా ఈ తాళంచెవి పనే చేస్తుంది. మెషీన్‌ను ఒక ఫలానా వెర్షన్ దగ్గర ఆపి ఉంచే పాలసీ పద్దులను ఒక్క బటన్‌తో రాసిపెడుతుంది. భద్రతా మరమ్మతులు మాత్రం వస్తూనే ఉంటాయి.

వెనక్కి వెళ్తే ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2006లో విండోస్ ఎక్స్‌పీ మీద ‘జెన్యూన్ అడ్వాంటేజ్’ నోటిఫికేషన్లు దిగాయి. మీ కాపీ అసలుది కాకపోవచ్చు అని తెర కింద మూల నిలదీసేవి. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్ఏ 2007కు సంబంధించి వేసిన లెక్క ప్రకారం మన దేశంలో వాడే సాఫ్ట్‌వేర్‌లో 69 శాతం లైసెన్సు లేనిదే. కాబట్టి ఆ డబ్బాను చూడని సైబర్ కేఫ్ దాదాపు లేదు. దాన్ని తీసేయడానికి రిమూవ్‌డబ్ల్యూజీఏ అనే చిన్న ప్రోగ్రాము వచ్చింది. ఈ కథలో రెండు వైపులా న్యాయం సగం సగమే. డబ్బు కట్టకుండా వాడినవాడి తరఫున నేను వాదించను. కానీ ఆ నోటిఫికేషన్ కంపెనీ సర్వర్‌తో రోజూ సంప్రదిస్తోందన్న సంగతి మొదట చెప్పకపోవడం తప్పు. 2007 ఆగస్టులో ఆ సర్వర్ దాదాపు 19 గంటలు దెబ్బతిన్నప్పుడు, డబ్బు పోసి కొన్నవాళ్ళ కాపీల మీద కూడా దొంగవన్న ముద్ర పడింది. నిజాయితీగా కొన్నవాడికి నీ కాపీ దొంగదని డబ్బా చెప్పిన ఆ రోజున, ఆ డబ్బా మీద ఉండాల్సిన గౌరవం పోయింది.

విస్టా వచ్చింది 2007 జనవరి 30న. దాంతోపాటు యూఏసీ, అంటే యూజర్ అకౌంట్ కంట్రోల్, వచ్చింది. ఏ చిన్న మార్పుకైనా తెర మొత్తం చీకటై, అనుమతి ఇస్తారా అని డబ్బా. 2008 ఏప్రిల్‌లో ఒక భద్రతా సదస్సులో మైక్రోసాఫ్ట్ అధికారి డేవిడ్ క్రాస్ దాపరికం లేకుండా చెప్పిన మాట ఉంది: యూఏసీని పెట్టిందే వాడేవాళ్ళకు చికాకు కలిగించడానికి అని. ఆ చికాకు సాఫ్ట్‌వేర్ తయారీదార్ల మీదికి మళ్ళి, అవసరం లేకున్నా అడ్మిన్ హక్కులు కోరే అలవాటును వాళ్ళు మానుకుంటారని ఆశ. ఆ ఎత్తు కొంతవరకు పారింది కూడా. కానీ ఆ పాఠం ఖర్చు భరించిందెవరు? తప్పు రాసిన ప్రోగ్రామర్ కాదు, రోజుకు ఇరవైసార్లు ‘అలవ్’ నొక్కిన గుమాస్తా. నార్టన్ ల్యాబ్స్ 2008లో ఒక యూఏసీ ఉపకరణం విడుదల చేసింది. ఈ ప్రోగ్రాము గురించి మళ్ళీ అడగొద్దు అనే గడిని డబ్బాకు చేర్చడమే దాని పని. మైక్రోసాఫ్ట్ 2009లో విండోస్ 7తో నాలుగు మెట్ల సెట్టింగు ఇచ్చింది. బయటివాడు చేసిన చిన్న పనిలోని న్యాయాన్ని తయారీదారు ఒప్పుకున్న సందర్భంగా దీన్ని చూస్తాను.

డబ్బాలు ఎక్కువైతే ఏమవుతుందన్నది ఊహ కాదు, కొలిచి చూసినదే. అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మెదడు స్కాన్లు తీస్తూ హెచ్చరికలు చూపించారు. ఒకే హెచ్చరిక రెండోసారి కనబడేసరికే మెదడులో స్పందన బాగా పడిపోయింది. 2016లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో, ఏ సమయానికి డబ్బా వచ్చిందన్నది పరీక్షించారు. వీడియో చూస్తుండగా వచ్చిన భద్రతా సందేశాన్ని 79 శాతం మంది పట్టించుకోలేదు. ఒక కోడ్‌ను ఒకచోటినుంచి ఇంకోచోటికి ఎక్కిస్తుండగా వస్తే 87 శాతం మంది పట్టించుకోలేదు. మన ఓటీపీ పరిస్థితి అచ్చం ఇదే. 2019లో మొజిల్లా తన ఫైర్‌ఫాక్స్ లెక్కలు బయటపెట్టింది. వెబ్‌సైట్లు నోటిఫికేషన్ల కోసం అడిగే అనుమతి డబ్బాల్లో 99 శాతానికి ఎవరూ సరేననలేదు. దాంతో మరుసటి జనవరి నుంచి ఫైర్‌ఫాక్స్ వాటిని చప్పుడు చేయనీయకుండా ఒక చిన్న గుర్తుగా కుదించేసింది. లెక్క చూసి సిగ్గుపడి సర్దుకున్న తయారీదారు ఒకడైనా ఉన్నాడని చెప్పడానికి ఈ ఉదాహరణ.

యాపిల్ వైపు కథ వేరు, నీతి అదే. 2024 సెప్టెంబరులో వచ్చిన మాక్ ఓఎస్ సెకోయా, తెరను రికార్డు చేసే ప్రోగ్రాములకు ఇచ్చిన అనుమతిని పదేపదే మళ్ళీ అడగడం మొదలెట్టింది. ప్రయోగ దశలో వారానికోసారి అన్నారు, అభ్యంతరాలొచ్చాక నెలకోసారికి తగ్గించారు. జోర్డి బ్రుయిన్ అనే డెవలపర్ ఆమ్నీజియా అనే చిట్టి ప్రోగ్రాము రాశారు. చివరిసారి అనుమతి ఇచ్చిన తేదీని సిస్టమ్ ఒక ఫైల్లో రాసుకుంటుంది. ఆ తేదీని ఆమ్నీజియా ముందుకు జరిపేస్తుంది. గూఢచర్యం చేసే ప్రోగ్రాము చాటుగా తెరను చూస్తుంటే యజమానికి తెలియాలన్న యాపిల్ ఉద్దేశం మంచిదే. అయితే వద్దని చెప్పే హక్కు ఎంత ముఖ్యమో, సరేనని ఒక్కసారే చెప్పి ఊరుకునే హక్కూ అంతే ముఖ్యం.

కంప్యూటర్లు లేని ఇళ్ళకు ఈ బాధ ఇంకా ముందే తెలుసు. బటన్ ఫోన్ల కాలంలో సిమ్ కార్డు లోపలినుంచే డబ్బాలు లేచేవి: జోకులు కావాలా, క్రికెట్ స్కోరు కావాలా, ఈ పాట కాలర్ ట్యూన్‌గా పెట్టమంటారా అని. ఫోను చొక్కా జేబులో ఉండగా మీట నొక్కుకుపోతే చాలు, బ్యాలెన్స్‌లో ముప్పై రూపాయలు పోయేవి. నూటికి తొంభైమంది ప్రీపెయిడ్ ఉన్న దేశంలో అది కూలిడబ్బు. టెలికాం నియంత్రణ సంస్థ టీఆర్‌ఏఐ 2013 జులైలో ఇచ్చిన ఆదేశంతో, ఏ విలువ ఆధారిత సేవ మొదలవ్వాలన్నా వినియోగదారుడు రెండుసార్లు ఒప్పుకోవాల్సిందే అయింది. ఆపుకోవడానికి 155223 నంబరు అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా పెట్టారు. ఏ చిట్టి ప్రోగ్రామూ ఇంతమందికి ఇంత మేలు చేయలేదు. సిమ్ మెనూలోకి వెళ్ళి ఆ డబ్బాలను ఆపే దారి అంతకుముందూ ఉంది, కానీ ఆ దారి తెలిసినవాడు సెల్ షాపు కుర్రాడొక్కడే.

స్మార్ట్‌ఫోన్లకు ఇది కొత్త రూపంలో చేరింది. షావోమీ ఫోన్లలో ప్రకటనలు చూపించే ఎంఎస్ఏ అనే భాగం అనుమతిని రద్దు చేద్దామంటే, బటన్ నొక్కే ముందు పది సెకన్ల లెక్క పెట్టించి ఆగమంటుంది. అనుమతి ఇవ్వడానికి మాత్రం అంత ఆలోచన అవసరం లేదట. ఆండ్రాయిడ్ 13 నుంచి, అంటే 2022 నుంచి, నోటిఫికేషన్లు పంపాలంటే యాప్ ముందుగా అడగాల్సి రావడం మాత్రం సరైన దిశలో పెద్ద అడుగు.

ఆపకూడని డబ్బాలు కూడా ఉన్నాయి. 2023లో దేశంలో పలుచోట్ల ఫోన్లు ఒక్కసారిగా బిగ్గరగా మోగి, ఇది విపత్తు హెచ్చరికల పరీక్ష అని సందేశం వచ్చింది. ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి చేసిన ఏర్పాటు అది. దాన్ని కూడా ఆపేయమని సెల్ షాపుల్లో అడిగినవాళ్ళను నేను చూశాను. వాళ్ళను తప్పుపట్టలేను. ఏళ్ళ తరబడి పనికిరాని డబ్బాలతో విసిగించి, ఇప్పుడు వచ్చింది నిజమైనదంటే ఎలా నమ్ముతారు? అలాగే షిఫ్ట్ మీట అయిదుసార్లు నొక్కితే వచ్చే స్టిక్కీ కీస్ డబ్బా. ఆటలాడే పిల్లలకు అది శత్రువు. ఒకే చేత్తో టైపు చేసేవారికి మాత్రం కంప్యూటర్లోకి ప్రవేశించే తలుపు అది. అందులోనే దాన్ని శాశ్వతంగా ఆపే దారీ ఉంది. డబ్బా ఎలా ఉండాలో చెప్పడానికి నేను చూపే నమూనా ఇదే: అవసరమున్నవాడికి దొరుకుతుంది, లేనివాడు అక్కడికక్కడే మూసేస్తాడు.

ఇక ఏ ప్రోగ్రామును నమ్మవచ్చు? తయారీదారు మీటనే నొక్కి, తిరిగి యథాస్థితికి తెచ్చే బటన్ ఉన్నవాటికి నా మొదటి ఓటు. నెవర్10, ఇన్‌కంట్రోల్ ఈ కోవవి. రెండో రకం, ఫైళ్ళు చెరిపేసి, సర్వీసులు చంపేసేవి. ఒక డబ్బా కోసం అప్‌డేట్ సర్వీసునే మొత్తంగా ఆపేస్తాయి. రాయ్‌పూర్‌లోనైనా రాజమండ్రిలోనైనా సిస్టమ్ ఫార్మాట్ కొట్టించినప్పుడు చాలామంది మెకానిక్‌లు అప్‌డేట్లు ఆపేసే ఇస్తారు. కస్టమర్ మళ్ళీ మళ్ళీ తిరక్కుండా ఉండాలన్నది వాళ్ళ ఉద్దేశం. కానీ డబ్బాతోపాటు భద్రతా మరమ్మతులూ ఆగిపోతాయి, ఆ సంగతి ఇంటివాళ్ళకు తెలియదు. మూడో రకం, డబ్బా రాగానే మన బదులు తామే బటన్ నొక్కేవి. వీటిని వాడొద్దనే చెబుతాను. ఏ ప్రశ్నకు సరేనన్నాయో మనకు తెలియకుండానే సరేనంటాయి. డబ్బాలు ఆపుతామనీ, విండోస్‌ను యాక్టివేట్ చేస్తామనీ చెప్పి పెన్‌డ్రైవ్‌ల మీద చేతులు మారే ఫైళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటిని నడపాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటారు. అక్కడే ఆగిపోవాలి.

మోసగాళ్ళకు ఈ అలవాటంతా పెట్టుబడి. మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోను చేయండి అనే దొంగ డబ్బా, విండోస్ వేసే డబ్బాను అచ్చుగుద్దినట్టే ఉంటుంది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదుల మీద సీబీఐ 2023 అక్టోబరులో ఆపరేషన్ చక్ర-2 పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. ఆ కేసుల్లో ఇలా సాంకేతిక సహాయం ముసుగులో విదేశీయులను దోచిన కాల్ సెంటర్లూ ఉన్నాయి. ఒక్క సంగతి గుర్తుంటే చాలు. అసలు విండోస్ హెచ్చరికలో ఫోను నంబరు ఉండదు. అలాంటి డబ్బా చూసి డబ్బు పోగొట్టుకుంటే 1930కి వెంటనే ఫోను చేయాలి.

చట్టం ఎంతవరకు వచ్చింది? కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల నివారణ మార్గదర్శకాలను నోటిఫై చేసింది. 13 రకాల మోసపు ఎత్తుగడలను అందులో పేర్లతో సహా చెప్పారు. పదేపదే విసిగించడం వాటిలో ఒకటి. వైరస్ ఉందని భయపెట్టి డబ్బు గుంజడం ఇంకొకటి. విసిగించడానికి ఇచ్చిన ఉదాహరణల్లో, వద్దనే అవకాశం ఇవ్వకుండా నోటిఫికేషన్లు పెట్టుకోమని అడుగుతూ ఉండటం కూడా ఉంది. చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. కానీ నిర్వచనాన్ని లావాదేవీకి ముడిపెట్టారు: లావాదేవీ జరిపించి వాణిజ్య లాభం పొందడానికి పదేపదే కలిగించే అంతరాయాలు అని. ఒకసారి కొనేసిన మెషీన్లో, ఉచితంగా ఇస్తామంటూ ఏళ్ళ తరబడి అడిగే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ నిర్వచనంలో ఎక్కడ ఇముడుతుంది? వాదించడానికి చోటుంది, స్పష్టత లేదు. ఆ స్పష్టత రావాలి. అమ్మకం కోసం వేసే ప్రతి డబ్బాలోనూ ‘మళ్ళీ అడగొద్దు’ అనే బటన్ ఉండాలన్న ఒక్క వాక్యం చేరిస్తే చాలు. అది చేయలేనిదేం కాదు. విండోస్ 7 గడువు ముగిసిన మర్నాడు, 2020 జనవరి 15న, తెర నిండా వేసిన నోటీసులో మైక్రోసాఫ్టే ఆ బటన్ పెట్టింది.

ఇప్పుడు మోవా దుకాణాల్లో తెరమీదకొచ్చే డబ్బా విండోస్ 10ది. దానికి మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. టీపీఎం 2.0 చిప్ లేనందుకో, ప్రాసెసర్ పాతదైనందుకో విండోస్ 11 ఎక్కని మెషీన్లు ఇక్కడ కోకొల్లలు. వీటికి డబ్బాను ఆపడం ఒక పని, మెషీన్‌ను కాపాడుకోవడం ఇంకో పని. నెట్ బ్యాంకింగ్, ఆధార్ వివరాలు నడిచే సిస్టమ్‌లో మొదటిది చేసి రెండోది వదిలేస్తే నష్టం కస్టమర్లందరిదీ. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసుకుంటే, అదనపు భద్రతా మరమ్మతులు డబ్బు కట్టకుండానే 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. ఖాతా వాడుతూ బ్యాకప్ మాత్రం వద్దనుకుంటే 1000 రివార్డ్స్ పాయింట్లో 30 డాలర్లో ఇవ్వాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే అక్కడే చేరే లింకు కనిపిస్తుంది. ముందు అందులో చేరి, మరమ్మతులు దిగుతున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాత డబ్బాను ఆపించుకోవాలి. మెకానిక్ ఏ మీట నొక్కాడో, దాన్ని మళ్ళీ ఎలా తిప్పాలో ఒక చీటీ మీద రాయించుకుని సీపీయూకు అంటించి ఉంచితే, రేపు ఇంకొకరు మరమ్మతుకు వచ్చినా వెతుక్కోనక్కర్లేదు.